ముక్కక్కకు పెట్టిన విందు

మా పెద్దమ్మ పనిచేసిన హోటల్లో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ ఆమె ముక్కక్క. చూడ్డానికి ఆ ముక్కులో పెద్ద విశేషమేమీ లేదు. కాస్త పొట్టిగా, కొసన గుండ్రంగా, అచ్చం మా అమ్మ ముక్కులాగే ఉండేది. అది చేసే పనే వేరు. వంటింటి ఆ మూలన పెద్ద గిన్నెలో సూప్ మరుగుతుంటే, ఈ మూలన ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దమ్మ తల కూడా తిప్పకుండా, "అడుగంటుతోంది, మంట తగ్గించండి" అనేది. ఎవరో పరుగెత్తుకెళ్ళి గరిటెతో కలిపి చూస్తే ఇంకా అంటి ఉండేది కాదు. అంటబోతూ ఉండేది.

ఊళ్ళో అది బాగా పేరున్న హోటల్. ఎత్తైన అద్దాల తలుపులు, లోపల తెల్లటి బల్లగుడ్డలు, అడుగు వేస్తే చప్పుడు కాని తివాచీ. అక్కడ భోజనమంటే అన్నీ ఒకేసారి తెచ్చి ముందు పెట్టేయడం కాదు. ఒక పదార్థం తిన్నాక ఆ పళ్ళెం తీసేసి, కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చి, ఇంకోటి తెస్తారు. అలా వరసగా ఏడు వడ్డనలు. వచ్చినవాళ్ళు సాయంత్రమంతా అక్కడే కూర్చుని, మాట్లాడుకుంటూ, నెమ్మదిగా తినేవాళ్ళు.

పెద్దమ్మ పెళ్ళికి ముందే ఆ హోటల్ వెనక గుమ్మంలోంచి పనిలోకి వెళ్ళింది. మొదట్లో పాత్రలు తోమింది. తర్వాత కూరగాయలు తరిగింది. పోనుపోను సూపులూ సాసులూ చేసే పొయ్యిల దగ్గర ఆమే పెద్ద అయింది. ముందు గుమ్మంలోంచి మాత్రం ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆ బెంగ కూడా ఆమెకు లేదు. "ముందు ఏముందే, కుర్చీలు. అసలు సందడంతా వెనకాలే" అనేది నాతో.

పెదనాన్న కూడా ఆ వెనక గుమ్మంలోనే తగిలాడు ఆమెకు. ఆయన కూరగాయల వ్యాను నడిపేవాడు. తెల్లవారగానే మార్కెట్ నుంచి పెట్టెలు తెచ్చి దించడం ఆయన పని. మొదటి రోజు పుట్టగొడుగుల పెట్టె దించగానే పెద్దమ్మ మూత కూడా తీయకుండా, "ఇవి నిన్నటివి. తీసుకుపో" అంది. ఆయన నోరెళ్ళబెట్టాడు. మర్నాడు తాజావి తెచ్చాడు. ఆ మర్నాడు ఇంకా తాజావి తెచ్చాడు. కొన్నాళ్ళకు అక్కరలేని పెట్టెలు కూడా దించడానికి రావడం మొదలుపెట్టాడు. "మీ పెద్దమ్మ పెట్టెలన్నీ తిప్పి పంపింది కానీ, మనిషిని మాత్రం ఉంచేసుకుంది" అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆయన మంచివాడు. నెమ్మదస్తుడు. ఒకటే లోపం, తిండి గురించి ఒక్క మాట మాట్లాడడు. పెద్దమ్మ రోజూ సాయంత్రం స్టీలు క్యానులో ఆనాటి సూప్ ఇంటికి తెచ్చేది. ఆయన ముందు గిన్నె పెట్టి ఎదురుగా కూర్చునేది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"అంటే... బాగుంది."

"గోడకి పోసినా ఇంతకన్నా నయం. కనీసం మరకైనా పడుతుంది" అని విసుక్కునేది పెద్దమ్మ. ఆయన తల వంచుకుని గిన్నె ఖాళీ చేసేవాడు. ఈ సంభాషణ నా చిన్నప్పటి నుంచీ, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

వాళ్ళకు పిల్లల్లేరు. సెలవు దొరికితే నన్ను వాళ్ళింటికి పంపేసేవాళ్ళు. చెప్పుల దుకాణం మీది అంతస్తులో రెండు గదుల ఇల్లు. మెట్లెక్కుతుంటే మొదట తోలు వాసన, సగం దూరంలో సబ్బు వాసన, పైకి చేరేసరికి వేగుతున్న వెల్లుల్లి వాసన వచ్చేవి. నేను గుమ్మంలో నిలబడగానే పెద్దమ్మ నా జుట్టులో ముక్కు దూర్చి, "పుస్తకాల దుకాణంలో ఆగావు. దారిలో ఎవరో నీకు నారింజపండు పెట్టారు. నిన్న తలంటుకోలేదు" అని చెప్పేసేది. ఆమె దగ్గర అబద్ధమాడటం నా వల్ల అయ్యేది కాదు. వాన రాబోయేముందు ఆరేసిన బట్టలు తీసేసేది. పెదనాన్న వీధి మలుపు తిరక్కముందే, "అదుగో డీజిలూ, క్యాబేజీ ఆకులూ వస్తున్నాయి" అనేది. ఆయన కోటు ఉతికితే కోప్పడేది కూడా. ఆ కోటు వాసన ఆమెకు అంత ఇష్టం.

అలాంటి మనిషికి ఒక చలికాలం జ్వరం వచ్చింది. అందరికీ వచ్చే జ్వరమే. వారం పదిరోజులు పడుకుని లేచింది. లేచిన రోజు పొద్దున వంటింట్లోకి వెళ్ళి కాఫీపొడి డబ్బా తెరిచి, "ఏమండీ, ఈ పొడి పాడైపోయింది" అంది. పెదనాన్న వచ్చి చూశాడు. పొడి శుభ్రంగా ఉంది. ఆమె మిరియాల డబ్బా తీసింది. వెనిగర్ సీసా మూత తిప్పింది. వెల్లుల్లి చితక్కొట్టింది. సబ్బు బిళ్ళ చేతిలోకి తీసుకుంది. ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని, కింద పెట్టి, ఇంకోటి తీసింది. చివరికి మూతలు తీసిన డబ్బాల మధ్య నేలమీద కూలబడిపోయింది. పెదనాన్న ఒక్కో డబ్బాకీ మూత పెట్టుకుంటూ వచ్చాడట. ఈ సంగతి ఆయనే మా అమ్మకు చెప్పాడు.

డాక్టరు పరీక్ష చేసి, "రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి" అన్నాడు. నాలుక మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలిసేవి. కారం మండేది. అంతకుమించి ఏదీ లేదు. కోడి తిన్నా, చేప తిన్నా, తడిపిన అట్టముక్క నమిలినట్టే ఉందనేది.

హోటల్లో ఎవరికీ నిజం చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి పని మానేసింది. "ముక్కు లేని ముక్కక్కని చూసి అందరూ జాలిపడతారు. నాకొద్దే ఆ జాలి" అంది నాతో. నా నోటికి తాళం వేసింది. పెదనాన్న అప్పటికే వ్యాను నడపడం మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. పెద్దమ్మ పొయ్యి ముట్టుకోవడం మానేస్తే ఆయనే గుడ్లు ఉడకబెట్టేవాడు, బంగాళాదుంపలు ఉడకబెట్టేవాడు. ఆమె ఎదురుగా పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. హోటల్ ఉన్న వీధి మొహం కూడా చూసేది కాదు. ఎటు వెళ్ళాల్సి వచ్చినా చుట్టు తిరిగి వెళ్ళేది. నేను వెళ్తే అలవాటు కొద్దీ నా తల దగ్గరికి మొహం తెచ్చి, ఆగి, చెయ్యి వేసి నిమిరి వదిలేసేది. ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకే మనసొప్పేది కాదు.

అలా ఏడాది పైనే గడిచింది. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా మెట్లమీద దడదడమని చప్పుడైంది. "అక్కా!" అంటూ సుడిగాలి వచ్చింది.

సుడిగాలి ఎవరో చెప్పాలి. కాపురం చెడి, పట్టుకోవడానికి ఇంకే పనీ దొరక్క హోటల్ వంటింట్లో చేరిన మనిషి. చేరిన కొత్తలో ఆమె చెయ్యి తగిలి పడని గిన్నె లేదు, ఒలకని సాసు లేదు. అందుకే ఆ పేరు. అందరూ పంపించేద్దామంటే పెద్దమ్మ అడ్డుపడి, తన పక్క పొయ్యి దగ్గర నిలబెట్టుకుంది. గరిటె పట్టడం నుంచి నేర్పింది. ముక్కు మీద కోపం ఉన్న మనిషే అయినా, ఆమెను తిట్టినంత ప్రేమగా ఇంకెవరినీ తిట్టలేదు. ఇప్పుడా సుడిగాలి హోటల్ పెద్ద చెఫ్ అయింది.

"నా మొదటి విందు అక్కా! ఏడు వడ్డనలూ నేనే తయారుచేశాను. జనానికి పెట్టేముందు నీకు పెట్టాలి. వచ్చే వారం ఒక సాయంత్రం, నువ్వూ, బావగారూ, ఈ అమ్మాయీ. ముందు హాల్లో, మంచి బల్ల దగ్గర."

"నాకెందుకే ఇప్పుడవన్నీ. మోకాళ్ళు..."

"మోసుకుపోతాను. నువ్వు తిని సరేనంటే చాలక్కా, ఆ తర్వాత ఊరంతా ఏమన్నా నాకు లెక్కలేదు. నీ ముక్కు దాటిందంటే దేన్నైనా దాటినట్టే."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వంటింట్లోంచి, గుడ్ల పెంకు తీస్తున్న పెదనాన్న గొంతు వినబడింది.

"వస్తాం తల్లీ."

సుడిగాలి మెట్లు దిగిందో లేదో పెద్దమ్మ విరుచుకుపడింది. "ఎవరడిగి వస్తామన్నారు? వెళ్ళి ఏం చెప్పమంటారు దానికి? అట్టముక్కలు బాగా ఉడికాయని చెప్పనా?"

"బాగుందని చెప్పు" అన్నాడాయన. "నేను ఆ ఒక్క మాటతోనేగా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను."

పెద్దమ్మ ఆయన్ని కాసేపు కోపంగా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

విందు రోజు సాయంత్రం ఆమె ఆకుపచ్చ కోటు వేసుకుంది. పెదనాన్న గడ్డం గీసుకుని, మెడ దగ్గర గాటు పెట్టుకుని, దానికి దూది అంటించుకుని బయల్దేరాడు. అద్దాల తలుపు తెరిచింది తెల్లమీసాల వెయిటరు. ఎన్నో ఏళ్ళుగా వంటింటి కిటికీ దగ్గర పళ్ళేలు అందుకున్న మనిషి. పెద్దమ్మను కింది నుంచి పైదాకా చూసి, "ముక్కక్కా, నీకు కాళ్ళు కూడా ఉన్నాయా! ఇన్నేళ్ళూ ఆ కిటికీలోంచి మెడ వరకే చూశాను" అన్నాడు.

"నువ్వూ అంతే. మీసాలు పళ్ళెంలో పడకుండా పట్టుకురా" అంది పెద్దమ్మ. ఆ మాటతో ఆమె బెరుకు కొంత తగ్గింది.

మమ్మల్ని కూర్చోబెట్టిన బల్ల వంటింటి తలుపుకు దగ్గర్లోనే ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చప్పుళ్ళు బయటికి వచ్చేవి. పెద్దమ్మ చెవి అటే ఉంది. "అది పాత పెనం. పిడి వదులైంది, ఇంకా బిగించలేదు. వింటున్నావా, కడకడమంటోంది" అంది నాతో. "ఆ టకటకా తరుగుతున్నది మాత్రం కొత్త చెయ్యి. కత్తి మరీ గట్టిగా వేస్తోంది." ఆమె కళ్ళు హాలంతా తిరిగాయి. తను చేసిన సూపులు వెళ్ళి ఆగిన బల్లలన్నీ ఇవేనా అన్నట్టు ఒక్కోదాన్నీ చూసింది.

మొదటి వడ్డన వచ్చింది. వేలంత రొట్టెముక్క మీద వేయించిన పుట్టగొడుగులు. పెద్దమ్మ నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుడిగాలి వంటింటి తలుపు తోసుకుని మా వైపే వస్తోంది. అప్పుడు పెదనాన్న ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"వానపడి వెలిసాక చెట్ల కింద తడి ఆకులు తొక్కుకుంటూ నడుస్తామే, అది. దాని వెనక కొంచెం వెన్న మాడిన వాసన. మాడింది కాదు, మాడబోయింది."

పెద్దమ్మ తల తిప్పి ఆయన్ని చూసింది. ఎవరో కొత్త మనిషి పక్కన కూర్చున్నట్టు చూసింది. ఈలోగా సుడిగాలి వచ్చేసింది.

"ఎలా ఉందక్కా?"

"వాన వెలిసిన అడవిలా ఉందే" అంది పెద్దమ్మ. "వెన్న సరిగ్గా మాడబోయేముందు ఆపావు."

సుడిగాలికి ప్రాణం లేచొచ్చింది. "అదే! అదే నేననుకున్నది!" అంటూ లోపలికి పరుగెత్తింది.

రెండో వడ్డన చల్లని బీట్‌రూట్ ముక్కలు, పైన పచ్చని ఆకులు. పెదనాన్న నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడే తవ్విన మట్టి. పైనేమో గడ్డి కోస్తుంటే వస్తుందే, ఆ పచ్చి వాసన. చివర్లో ఏదో సోంపు లాంటిది తేలిపోయింది" అన్నాడు మెల్లగా. పెద్దమ్మ ఆ మాటలే, తన మాటలుగా, సుడిగాలికి అప్పజెప్పింది. నాకు నవ్వాగక నాప్కిన్ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చూపంతా పెదనాన్న మీదే ఉంది.

"మీకు ఇవన్నీ తెలుస్తాయా?"

"నాకూ ముక్కుందిగా" అన్నాడాయన, నీళ్ళగ్లాసు అందుకుంటూ.

మూడో వడ్డన సుడిగాలి స్వయంగా తెచ్చింది. మూడు గిన్నెలు మా ముందు పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఇది నీ సూపే అక్కా. నువ్వు నేర్పిన ఎముకల సూప్. కానీ ఒక్కటి మార్చాను. ఏమిటో చెబితే కానీ కదలను."

సుడిగాలి అక్కడే నిలబడి ఉంటే చెవిలో చెప్పేదెలా? పెద్దమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది. ఎన్ని వేలసార్లు ఆమె చేతిలో మరిగిన సూపో అది. తన పేరు కన్నా బాగా తెలిసిన రుచి. వేడి తెలిసింది, ఉప్పు తెలిసింది, అంతే. ఇంకో చెంచా తాగింది. సుడిగాలి మొహంలో నవ్వు నెమ్మదిగా జారిపోతోంది.

"నారింజ తొక్క" అన్నాడు పెదనాన్న.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన గిన్నెలోకి చూస్తూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. "మిరియాలు తగ్గించి నారింజ తొక్క వేశావు. మంచిదే. ఎముకలు మాత్రం పెందరాళే దించేశావమ్మా. మీ అక్క చేస్తే తాగాక పెదవులు అతుక్కునేవి. చలికాలం అయితే చివర్లో ఏదో ఎండిన ఆకు వేసేది, ఎండాకాలం వేసేది కాదు. ఆ ఆకు పేరు నాకు తెలీదు."

"బావగారూ!" అంది సుడిగాలి. "ఆ ఆకు సంగతి వంటింట్లోనే ఎవరికీ తెలీదు. మీకెలా..."

"రోజూ తాగాను కదమ్మా."

పెద్దమ్మ చెంచా కింద పెట్టేసింది. "మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు? అడిగి అడిగి నా నోరు పడిపోయింది కదా!"

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వేమో ఒక్కసారి వాసన చూసి, అందులో ఏముందో వరసపెట్టి చెప్పేస్తావు. నీ ఎదురుగా నేనేం చెబుతాను? తప్పు చెబితే నవ్వుతావేమోనని. బాగుందంటే ఎవరూ నవ్వరు కదా."

పెద్దమ్మ ఆయన్నే చూసింది. తర్వాత సుడిగాలి వైపు తిరిగింది.

"నాకు ముక్కు పోయిందే" అంది. "పోయిన చలికాలం కాదు, ఆ ముందు చలికాలం. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఇందాకటి నుంచి నేను చెప్పిందంతా మీ బావగారు చెప్పిందే."

సుడిగాలి మొదట పరిహాసమనుకుంది. మా మొహాలు చూశాక నాలుగో కుర్చీ లాక్కుని, వంటింటి ఏప్రన్ తోనే, ఆ హాలు మధ్యలో కూర్చుండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్విలా ఏడుస్తావనే. ఆ గిన్నె మీద పడి ఏడవకు, ఉప్పెక్కువవుతుంది."

సుడిగాలి ఏడుపులోనే నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. పొయ్యి దగ్గర నిలబడ్డప్పటి గొంతుతో అడిగింది. "సరే. ఏమేం తెలుస్తున్నాయి నీకు?"

"ఉప్పు, పులుపు, తీపి, చేదు. కారమైతే మండుతుంది. వేడీ చల్లనా. కరకరలాడేది, మెత్తనిది."

"అంతేనా? అయితే చాలా ఉన్నాయి" అని లేచి, వచ్చినంత వేగంగానే లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెనక ఆమె కేకలు వినిపించాయి. "ఆ చేప దించెయ్యండి! ఇనప పెనం కాల్చండి! ఆవాలు ఎవరి దగ్గరున్నాయి?"

తర్వాతి వడ్డనకు చాలాసేపు పట్టింది. తెల్లమీసాల వెయిటరు రొట్టెలు తెచ్చి పెట్టి, పక్కన నిలబడి పాత కబుర్లు మొదలుపెట్టాడు. కరెంటు పోయిన ఆ రోజు గుర్తుందా అన్నాడు. హాలు నిండా జనం, వంటింట్లో చిమ్మచీకటి, కొవ్వొత్తులన్నీ బల్లల మీదికే సరిపోయాయి. ఏ గిన్నెలో ఏముందో కనబడక అందరూ చేతులెత్తేస్తే, ముక్కక్క చీకట్లో నిలబడి, "ఇది పుట్టగొడుగుల సాసు, కిటికీ బల్లకి. ఇది నిమ్మకాయది, చేపకి" అంటూ ఒక్కో గిన్నె అందించింది.

"ఒకటి తప్పు పోయింది" అంది పెద్దమ్మ. "తీపి సాసు తీసుకెళ్ళి మాంసం మీద పోయించాను. ఆ పెద్దమనిషి ఇలాంటిది ఎప్పుడూ తినలేదని మళ్ళీ అడిగి పోయించుకున్నాడు." అందరం పగలబడి నవ్వాం. ఆ ఏడాదిలో పెద్దమ్మ ముక్కు ఊసు వస్తే మొహం తిప్పుకునేది. ఆ రోజు తనే కథ అందుకుని చెప్పింది.

చేప వచ్చింది. పళ్ళెంలో కాదు, కాలుతున్న ఇనప పెనం మీదే వచ్చింది, చుయ్యిమంటూ. పై తోలు గాజుముక్కలా వేగి ఉంది. సుడిగాలి పెనాన్ని పెద్దమ్మ చెవి పక్కన ఒక్క క్షణం పట్టుకుని, దాని మీద నిమ్మకాయ పిండింది. చుయ్యిమనే శబ్దం రెట్టింపయింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. "ఎంత బాగా అరుస్తోందే ఈ చేప!" అంది. కొరికినప్పుడు కరకరమన్న చప్పుడు నాకు వినబడింది. మెల్లగా, ఒక్క ముక్క కూడా వదలకుండా తింది.

ఐదోది నిమ్మరసం గడ్డకట్టించిన మంచుపొడి, దాని మీద ఎండుమిర్చి తునకలు. చల్లదనం ముందు, మంట తర్వాత. పెద్దమ్మ నోరు తెరిచి విసురుకుంటూ, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ, "దీనికి పిచ్చి పట్టింది" అంది. మళ్ళీ చెంచా ముంచింది.

ఆరో వడ్డన మాంసం. చెంచాతో తాకితే విడిపోయేంత మెత్తగా ఉడికింది. పక్కన అప్పటికప్పుడు నూరిన ఆవాల ముద్ద. పెద్దమ్మ మాంసం ముక్కను ఆ ముద్దలో బాగా ముంచి నోట్లో పెట్టుకుంది. ఒక క్షణం ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది.

"ఎక్కింది! ఏమండీ, ముక్కులోకి ఎక్కింది!"

ఆవాల ఘాటు అది. వాసన కాదు. ఆ సంగతి పెద్దమ్మకు అందరికన్నా బాగా తెలుసు. కానీ ఏడాదికి పైగా రాయిలా ఉండిపోయిన చోట సూది గుచ్చినట్టు చురుక్కుమంది. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు ధారగా కారుతుంటే, "ఉంది. ఇంకా ఉంది లోపల" అంటూ నిలబడే ఉంది. పక్క బల్లలవాళ్ళు ముక్కున వేలేసుకుని చూస్తున్నారు. వంటింటి తలుపు సందులోంచి సుడిగాలి తొంగిచూస్తోంది. పెదనాన్న లేచి తన నాప్కిన్‌తో ఆమె మొహం తుడిచాడు. మళ్ళీ కూర్చున్నాక పెద్దమ్మ ఆ ముద్ద గిన్నె దగ్గరికి లాక్కుంది. మిగిలినదంతా ఆమే తినేసింది.

చివరిది కాల్చిన యాపిల్, పైన గాజులా గట్టిపడిన పాకం. చెంచాతో కొడితే టప్పున పగిలింది. తీపి, వెంటనే చిరుచేదు. తింటూ తింటూ పెద్దమ్మ పెదనాన్న వైపు జరిగి, "చెప్పండి, దీనికేం వాసన?" అని అడిగింది. ఈసారి సుడిగాలికి అప్పజెప్పడానికి కాదు. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మీ అమ్మగారింటికి నేను మొదటిసారి వచ్చినప్పుడు, లోపల ఎవరో పంచదార మాడ్చారు. కంగారులో నువ్వే అయ్యుంటావు. ఆ వాసన" అన్నాడు.

"మా చెల్లెలు" అంది పెద్దమ్మ. "నేనెప్పుడూ ఏదీ మాడ్చలేదు." కాసేపయ్యాక, "నేనే" అంది.

మేం బయటికి వచ్చేసరికి బాగా చీకటిపడి వీధి దీపాలు వెలుగుతున్నాయి. బస్సు ఎక్కుదామంటే పెద్దమ్మ వద్దంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నా ముందు నడిచారు. దారి పొడుగునా ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. రొట్టెల దుకాణం, మందుల షాపు, తడిసిన కుక్క, ఎవరి ఇంట్లోనో ఇస్త్రీ చేస్తున్న బట్టలు. కొన్నిటికి ఆయనకు మాట దొరక్క తడబడితే ఆమె అందించింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మకు వాసన తిరిగి రాలేదు. అప్పుడప్పుడూ ఉత్తినే, ఏదీ లేకుండానే, ఏదో కాలిన వాసన తగిలినట్టనిపించి లేచి వెతికేది. తర్వాత అది కూడా పోయింది. కానీ ఆ విందు మర్నాడే పెదనాన్నను పక్కకు తప్పుకోమని పొయ్యి ముట్టించింది. వారంలో ఒకటి రెండు రోజులు హోటల్‌కి వెళ్ళి, కొత్తగా చేరినవాళ్ళకు గరిటె పట్టడం, కత్తి పట్టడం నేర్పడం మొదలుపెట్టింది. ఇంటికి రాగానే వంట. ఇంట్లో ఇప్పుడు వంట ఇద్దరు మనుషుల పని. గిన్నె దగ్గర ఆమె, ఆ పక్కన కుర్చీ వేసుకుని ఆయన. ఆయనకు వాసన, ఆమెకు చప్పుడు.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"వేగిపోయింది, దించెయ్యి. కమ్మగా వస్తోంది" అంటున్నాడు పెదనాన్న.

"ఇంకా నీళ్ళ చప్పుడుంది. వినబడట్లేదా మీకు?"

"నీకు వాసన లేదు కాబట్టి అలా అంటున్నావు."

"మీకు చెవుడు వచ్చింది కాబట్టి మీరలా అంటున్నారు. ఏమే, నువ్వు చెప్పు!"

నన్ను మధ్యలోకి లాగొద్దన్నాను. వాళ్ళు వినిపించుకోలేదు. కోటు తీసి తలుపు వెనక తగిలించి, అలమారలోంచి మూడు పళ్ళేలు తీసి బల్ల మీద పెట్టాను.